విగ్రహం గారి వద్ద పెండింగు

ఉద్యమాల గురించి జనం రాసుకునే బ్లాగులను ఇన్నాళ్ళూ పోలీసులు మాత్రమే చదివేవారు. ఇది ప్రజాస్వామ్యానికి శోభనివ్వదని ప్రభుత్వం గుర్తించి, వాటిని చదవడానికి వేరే శాఖను పెట్టింది. దాని పేరు పౌర భాగస్వామ్య విభాగం. మా జిల్లాలో ఆ కార్యాలయం పాత పశువుల ఆసుపత్రి భవనంలో ఉంది. అందులో బ్లాగు పరిశీలకుడిగా కాంట్రాక్టు మీద చేరిన మొదటి మనిషిని నేను. రెండో మనిషి ఇంకా చేరలేదు.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కణ్ణే. అమ్మ బీడీలు చేస్తుంది. నాకు ఉద్యోగం వచ్చిన రోజు తునికాకు కత్తిరిస్తూ కాలనీ ఆడవాళ్ళందరికీ చెప్పుకుంది.

"మా గంగాధర్‌కు సదివే నౌకరి వచ్చింది."

"ఏం సదువుతడే?"

"జనం సర్కారును తిడుతరు గదా, అది సదువుతడు."

"మేం రోజూ తిడుతనే ఉన్నం. ఊకెనే వినొచ్చు గదా, దానికి ఆఫీసెందుకు?"

ఎందుకో వాళ్ళకు తెలియదు. చేరిన మొదటి రోజే నేను నియమావళి మూడుసార్లు చదివాను. ఎవరైనా నిరసన తెలిపి, దాని గురించి బ్లాగులో రాస్తే, ఆ రాత అర్జీతో సమానం. దాన్ని నేను పోర్టల్లో ఎక్కించాలి. నిరసన ఏ రకమో ఎంచుకోవడానికి ఒక జాబితా ఉంటుంది. ధర్నా, రాస్తారోకో, రిలే నిరాహార దీక్ష, వంటావార్పు, మోకాళ్ళ మీద నడక, చెవిలో పువ్వు, అరగుండు. ఇవి కాకుండా కొత్తగా ఏదైనా చేయదలచిన పౌరులు పదిహేను రోజుల ముందు దరఖాస్తు చేసుకుని జాబితాలో చేర్పించుకోవాలి.

ఆ తర్వాత అర్జీ ఎవరికి ఇచ్చారో రాయాలి. ఇక్కడే ఏడో నియమం వస్తుంది. ఒక విషయం మీద అర్జీ ఒకరి వద్ద పెండింగులో ఉంటే, వారు దాన్ని పరిష్కరించే వరకు మరే అధికారీ ఆ విషయంలో ఏ చర్యా తీసుకోరాదు. ఈ నియమం రాసిన కమిటీలో మా ఉపసంచాలకులు పరాంకుశం గారు కూడా ఉన్నారు. ఆ సంగతి ఆయన నాకు వారానికి ఒకసారైనా చెప్పేవారు.

"ఒకరి బల్లపై నున్న దస్త్రమును మరియొకరు ముట్టుట బాధ్యతారాహిత్యమునకు దారితీయును, గంగాధర్. మనము పౌరుని గొంతుకకు ఒక సంఖ్య నిచ్చుచున్నాము. సంఖ్య లేని గొంతుక శబ్దము మాత్రమే."

నేను ఆ మాట డైరీలో రాసుకున్నాను.

మేముండేది బీడీ కాలనీ. కాలనీలో ఒక ప్రాథమిక పాఠశాల ఉంది. నేనూ అందులోనే అక్షరాలు దిద్దాను. ఆ ఏడాది బడిలో పిల్లలు పంతొమ్మిది మంది. ఇరవై కంటే తక్కువ ఉంటే బడిని మూసి, దగ్గరలోని పెద్ద బడిలో కలపాలని ఉత్తర్వు. దగ్గరలోని పెద్ద బడి బైపాస్ రోడ్డుకు అవతల ఉంది. ఆ రోడ్డు మీద రాత్రీ పగలూ గ్రానైటు లారీలు నడుస్తాయి. ఇటునుంచి అటు వెళ్ళడానికి వంతెన లేదు, సిగ్నల్ లేదు. ఉత్తర్వులో దూరం మాత్రం రాశారు. ఆరు వందల మీటర్లు.

కాలనీ ఆడవాళ్ళు బడి ముందు టెంటు వేసి రిలే నిరాహార దీక్షకు కూర్చున్నారు. రోజుకు ఐదుగురు. దీక్షలో ఉన్నా కంపెనీకి బీడీలు అప్పజెప్పాలి కాబట్టి ఒళ్ళో చాటలు పెట్టుకునే కూర్చున్నారు. మూడో రోజు అమ్మ వంతు వచ్చింది. పొద్దున నాకు అన్నం పెట్టి, తను తినకుండా వెళ్ళి కూర్చుంది.

ముందు నిలబడ్డది కోడం అనసూయక్క. పదో తరగతి చదివింది. ఆమె కూతురు మౌనికకు ఏడేళ్ళు, రెండో తరగతి. మాకు వెనకింటి వాళ్ళు. 'బీడీ కాలనీ బడి' అని అక్క ఫోన్లోనే ఒక బ్లాగు మొదలుపెట్టి రోజూ రాసేది. కాలనీ బ్లాగు కాబట్టి పక్షపాతం లేకుండా చదవాలని నేను ప్రతి పోస్టూ రెండుసార్లు చదివేవాణ్ణి.

ఆరో రోజు ఆమె ఇలా రాసింది.

"ఈరోజు అర్జీ ఇద్దామని మండల విద్యాధికారి ఆఫీసుకు పోయినం. సారు మీటింగుల ఉన్నడన్నరు. సరే అని కూసున్నం. సారు భోజనానికి పోయిండన్నరు. మేం దీక్షల ఉన్నోళ్ళం, మా ముంగట భోజనం మాట ఎందుకని లేచొచ్చినం. వచ్చి బడి గేటుకాడున్న నర్సయ్య సారు విగ్రహానికి అర్జీ ఇచ్చినం. ఈ బడి జాగ ఆయన ఇచ్చిందే. మా అవ్వలకు సదువు చెప్పింది ఆయనే. ఆయన మీటింగుకు పోడు."

అధికారులు దొరకనప్పుడు విగ్రహానికి వినతిపత్రం ఇవ్వడం మా వైపు ఉద్యమాల్లో మామూలే. అర్జీ విగ్రహం చేతికి తగిలిస్తారు, ఫోటో దిగుతారు, ఇంటికి పోతారు. అయితే నా ముందు పోర్టల్ తెరిచి ఉంది. అర్జీ ఎవరికి ఇచ్చారు అన్న గడి ఖాళీగా వదిలితే అది ముందుకు పోదు. బ్లాగులో లేనిది నేను రాయకూడదు. బ్లాగులో ఉన్నది విగ్రహం. పరాంకుశం గారి గదికి వెళ్ళాను.

ఆయన పోస్టు చదివి కళ్ళజోడు తీశారు. "అర్జీ సమర్పింపబడినదా?"

"సమర్పింపబడింది సార్. కానీ విగ్రహానికి."

"తిరస్కరింపబడినదా?"

"లేదు సార్. చేతిలోనే ఉంది. ఫోటో పెట్టారు."

"స్వీకరించి, తిరస్కరింపని వాడే స్వీకర్త. మరి సంశయమెందులకు?"

"ఐడీ అడుగుతోంది సార్. హోదా కూడా."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "ఐడీ నిమ్ము. హోదా, గౌరవ విగ్రహము."

నేను ఐడీ ఇచ్చాను. పోర్టల్ ఒప్పుకుంది. ఎదురుగా ఇలా వచ్చింది: 'బీడీ కాలనీ పాఠశాల మూసివేత. ప్రస్తుత స్థితి: శ్రీ నర్సయ్య (గౌరవ విగ్రహము) గారి వద్ద పెండింగు.'

జూన్‌లో బళ్ళు తెరిచే రోజు మండల విద్యాధికారి సుదర్శనం గారు తాళంకప్ప పట్టుకుని వచ్చారు. వెంట ఇద్దరు కానిస్టేబుళ్ళు. అనసూయక్క టెంటులోంచి లేచి ఫోన్లో పోర్టల్ చూపించింది.

"సార్, ఏడో నియమం సదువుకున్రి. మా అర్జీ నర్సయ్య సారు దగ్గర పెండింగుల ఉన్నది. ఆయన తేల్చేదాంక మీరు చెయ్యి పెట్టద్దు."

"ఏ నర్సయ్య? ఏ ఆఫీసు?"

"మీ ఎనక ఉన్నడు సార్."

సుదర్శనం గారు వెనక్కి తిరిగి చూశారు. సిమెంటు విగ్రహం. కళ్ళజోడు నల్లరంగుతో గీసింది, చేతిలో సుద్దముక్క, దాని కింద ప్లాస్టిక్ కవర్లో అర్జీ. ఆయన నాకు ఫోన్ చేశారు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అవును సార్, నిబంధనల ప్రకారం మీరు ముట్టరాదు." ఆయన తాళంకప్ప జేబులో వేసుకుని, విగ్రహం వైపు ఒకసారి చూసి, వెళ్ళిపోయారు. ఆ రోజు పంతొమ్మిది మందీ లోపలికి వెళ్ళి ప్రార్థన చేశారు.

అనసూయక్క ఈ సంగతి బ్లాగులో పెట్టిన మూడు రోజులకు జిల్లా అంతా చదివింది. నాకు పని పెరిగింది. పక్క మండలంలో క్వారీ వద్దన్న రైతులు చౌరస్తాలో విగ్రహానికి అర్జీ ఇచ్చారు. క్వారీ ఆగింది. ఒక ఊళ్ళో చెరువు కట్ట మీద షాపులు కడుతుంటే యువజన సంఘం వాళ్ళు అర్జీ ఇద్దామనుకున్నారు. ఊళ్ళో విగ్రహం లేదు. చందాలేసుకుని ఒకటి పెట్టి, మరునాడే దానికి అర్జీ ఇచ్చారు. షాపులు ఆగాయి. విగ్రహం ఎవరిదని నేను ఫోన్ చేసి అడిగితే, "ఇంకా అనుకోలేదన్నా, ముందైతే ఐడీ ఇయ్యిరి" అన్నారు.

నెల తిరిగేసరికి మా జిల్లాలో నూట పన్నెండు మంది గౌరవ విగ్రహాలు విధుల్లో ఉన్నారు.

పోర్టల్ ప్రతి నెలా అధికారుల పనితీరు లెక్కగడుతుంది. ఆ నెల మొదటి నూట పన్నెండు స్థానాలూ వారివే. ఒక్కరూ సెలవు పెట్టలేదు. అందరూ పదిన్నరకు ముందే హాజరు. అర్జీదారుతో దురుసుగా మాట్లాడినట్టు ఫిర్యాదు లేదు. పైనుంచి అభినందన వచ్చింది. 'ప్రజలకు ఇంతగా అందుబాటులో నున్న యంత్రాంగము మరే జిల్లాలోనూ లేదు' అని.

ఒక్కటే లోటు. పరిష్కారం సున్నా. ముప్పై రోజులు దాటిన అర్జీల మీద పోర్టల్ తనంతట తానే తాఖీదులు పంపుతుంది. వాటిని అందజేయవలసిన బాధ్యత మా అటెండరు మొగిలయ్యది. మొదటి తాఖీదు నర్సయ్య సారుకే. మొగిలయ్య సైకిల్ మీద వెళ్ళి, గంటలో తిరిగి వచ్చాడు.

పరాంకుశం గారు అడిగారు. "సంతకమేది?"

"పెట్టలే సార్."

"కారణము చెప్పినాడా?"

"ఏం చెప్పలే సార్. జెరసేపు నిలబడి చూసిన. చిన్నప్పుడు సారుకు నేను మూడో ఎక్కం తప్పు చెప్పిన దినం యాదికొచ్చింది. కింద పెట్టి వచ్చేసిన."

"మౌనము అవిధేయతయే," అన్నారు పరాంకుశం గారు. "వివరణ కోరుడు."

వివరణ కోరాం. పదిహేను రోజులు చూశాం. ఈలోగా క్వారీ వాళ్ళు, షాపుల వాళ్ళు పైవాళ్ళ దగ్గరికి వెళ్ళినట్టున్నారు. ఒక మధ్యాహ్నం రాజధాని నుంచి ఫోన్ వచ్చింది. పరాంకుశం గారు లేచి నిలబడి మాట్లాడారు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కూర్చోలేదు.

"గంగాధర్. ఆ విగ్రహముల సేవా పుస్తకములు తెమ్ము."

"సేవా పుస్తకాలు లేవు సార్."

"జన్మదినము?"

"నర్సయ్య సారుది దిమ్మె మీద చెక్కి ఉంది సార్. పంతొమ్మిది వందల పదహారు."

ఆయన ముఖం విప్పారింది. వేళ్ళ మీద లెక్కపెట్టారు. "పదవీ విరమణ వయస్సు దాటి సుమారు అర్ధ శతాబ్దము! ఇంతకాలము ఒక అనర్హుడు ప్రభుత్వ విధులలో నుండుట! ఎవరు నియమించిరి?"

"మీరే ఐడీ ఇమ్మన్నారు సార్."

"ఐడీ నిచ్చితిని. నియమింపలేదు. రెంటికిని భేదమున్నది." కాస్త ఆగి, మెత్తగా అన్నారు. "అగౌరవము వలదు. సకల లాంఛనములతో విరమింపజేయుము. ఆయన వద్దనున్న అర్జీ నియమానుసారము తదుపరి అధికారికి చేరును."

తదుపరి అధికారి అంటే సుదర్శనం గారు.

నర్సయ్య సారు వీడ్కోలు సభ బడి ముందే జరిగింది. మిగతా నూట పదకొండు మందికీ ఎక్కడి వారికి అక్కడే చేశారు. విగ్రహానికి శాలువా కప్పారు, దండ వేశారు. పరాంకుశం గారు ఇరవై నిమిషాలు మాట్లాడారు. "క్రమశిక్షణకు మారుపేరు. ఆసీనుడై యుండగా ఎవరును చూడలేదు. ఆయన శేషజీవితము కుటుంబ సభ్యులతో సుఖముగా గడచుగాక." దీక్షలో ఉన్న ఐదుగురూ టెంటులోంచి చూస్తున్నారు. ఆ రోజు మళ్ళీ అమ్మ వంతు. అనసూయక్క నా దగ్గరికి వచ్చింది.

"సచ్చినంక రిటైర్ చేసుడేంది తమ్మీ?"

"వయసు దాటిందక్కా. నియమం."

"అంటే బడి పాయె."

పోర్టల్లో విరమణ ఎక్కించవలసింది నేనే. శాలువా కప్పిన నిమిషంలోనే ఎక్కించాలని ఆదేశం. ఫోన్ నా చేతిలోనే ఉంది. చదువుకున్నవాణ్ణి. నియమం ఏమంటుందో నాకు తెలుసు. నేను నొక్కాను. పోర్టల్లో ఆ వాక్యం మారింది: 'శ్రీ సుదర్శనం (మండల విద్యాధికారి) గారి వద్ద పెండింగు.' నాలుగు నిమిషాల తర్వాత మళ్ళీ మారింది: 'పరిష్కరింపబడినది.' సుదర్శనం గారు సభలో మొదటి వరసలో కూర్చునే ఆ పని చేశారు. తాళంకప్ప కూడా తెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం అమ్మ నిమ్మరసం తాగి దీక్ష విరమించి ఇంటికి వచ్చింది. చాట ముందేసుకుని కూర్చుంది.

"నొక్కినవా?"

"నొక్కిన."

అమ్మ ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టింది. ఇంకోటి తీసుకుంది. అదీ కట్టింది. "అన్నం గిన్నెల ఉన్నది. ఏసుకో" అంది. నాకు అన్నం తను వడ్డించకపోవడం అదే మొదటిసారి.

పిల్లలు బైపాస్ దాటి పెద్ద బడికి పోవడం మొదలైంది. నాలుగో రోజు మౌనిక రోడ్డు సగం దాటాక అటునుంచి లారీ రావడం చూసి, వెనక్కి ఉరికింది. అనసూయక్క చేయి పట్టి లాగింది. బ్యాగు జారి పడిపోయింది. లారీ వెళ్ళాక చూస్తే పలక, టిఫిన్ డబ్బా, లెక్కల పుస్తకం తారుకు అంటుకుని ఉన్నాయి. మౌనిక రెండు రోజులు బడికి పోలేదు.

మూడో రోజు నుంచి తల్లులే రోడ్డెక్కారు. పొద్దున ఎనిమిది ముప్పావుకు, సాయంత్రం నాలుగున్నరకు. ఇద్దరు ఇటు, ఇద్దరు అటు, నడిమధ్య అనసూయక్క బీడీల చాట పైకెత్తి నిలబడుతుంది. లారీలు ఆగుతాయి. పిల్లలు దాటుతారు. రెండు నిమిషాల పని. దాని గురించి అక్క బ్లాగులో రాసింది. చివర ఒక్కటే అడిగింది.

"బడి అడుగుతలేము. అది అయిపోయింది. ఈడ ఒక్క స్పీడ్ బ్రేకర్ ఏయిరి. అంతే."

నేను దాన్ని పోర్టల్లో ఎక్కించాను. వాహనాలను ఆపితే జాబితాలో అది రాస్తారోకో కిందికే వస్తుంది. వేరే గడి లేదు. రోజుకు రెండు. పాల్గొన్నవారు, తల్లులూ పిల్లలూ కలిపి, ఇరవై నాలుగు మంది. ఆదివారం తప్ప ప్రతి రోజూ. రెండు నెలలు గడిచాయి. రాష్ట్రంలో ఇంత నిలకడగా సాగుతున్న రాస్తారోకో మరొకటి లేదు. పౌర భాగస్వామ్య సూచికలో మా జిల్లా మొదటి స్థానానికి వచ్చింది. విగ్రహాల వ్యవహారంలో పోయిన పేరు తిరిగి వచ్చిందని పరాంకుశం గారు ఆఫీసులో అందరికీ మైసూర్‌పాక్ పంచారు. అందరూ అంటే నేనూ, మొగిలయ్యా.

"సార్," అన్నాను, "అందులో స్పీడ్ బ్రేకర్ కావాలన్న అర్జీ ఒకటి ఉంది. రోడ్ల శాఖకు పంపమంటారా? వాళ్ళు ఒక్క రోజులో వేస్తామన్నారు. నేనే ఫోన్ చేసి కనుక్కున్నాను."

ఆయన మైసూర్‌పాక్ ముక్క కింద పెట్టారు.

"వేసినచో ఏమగును?"

"లారీలు మెల్లగా పోతాయి సార్. పిల్లలు దాటుతారు."

"అపుడా స్త్రీలు రోడ్డుపైకి వత్తురా?"

"రారు సార్. అవసరం ఉండదు కదా."

"రాస్తారోకో ఆగిపోవును. సూచిక పడిపోవును. పౌరుల భాగస్వామ్యమును ప్రభుత్వమే భగ్నము చేసినట్లగును." ఆయన గొంతు నిజంగానే వణికింది. "నలభై ఏండ్ల సేవలో ఒక ఉద్యమమును అణచినాననిపించుకొనలేదు, గంగాధర్. ఇపుడు అణచుదునా?"

ఆయన చెబుతుంటే నేను రాశాను. 'మీ ఉద్యమ స్ఫూర్తిని ప్రభుత్వము గౌరవించుచున్నది. స్పీడ్ బ్రేకర్ నిర్మాణము సదరు స్ఫూర్తికి విఘాతము కలిగించునందున తమ వినతి సాధ్యపడదని తెలియజేయనైనది. ఉద్యమమును ఇదే సమయపాలనతో కొనసాగింపగలరని ఆశించడమైనది.' తిరస్కార పత్రాలను అర్జీదారుకు నిరసన స్థలంలోనే, గట్టిగా చదివి వినిపించి, సంతకం తీసుకోవాలని నియమం. మొగిలయ్య ఆ రోజు కడుపు నొప్పన్నాడు. నన్నే వెళ్ళమన్నారు.

మరునాడు ఎనిమిది ముప్పావుకు బైపాస్ మీదికి వెళ్ళాను. అక్క చాట పైకెత్తి రోడ్డు మధ్యలో ఉంది. బండరాళ్ళ లారీ ఒకటి వచ్చి కీచుమంటూ ఆగింది. పిల్లలు ఒకరి చేయి ఒకరు పట్టుకుని అంచున నిలబడ్డారు. మౌనిక కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. ఆ పిల్ల ఎప్పుడూ అలాగే దాటుతుందని తర్వాత తెలిసింది.

నేను అక్క ఎదురుగా నిలబడి కాగితం విప్పి చదవడం మొదలుపెట్టాను. 'మీ ఉద్యమ స్ఫూర్తిని' దగ్గర లారీ డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏం ధర్నా అక్కా?"

"ధర్నా కాదన్నా. పిల్లలు బడికి పోవాలె."

"గంతేనా?" ఇంజను ఆపేశాడు. వెనక లారీ హారన్ కొడితే చేయి బయటపెట్టి ఆగమని ఊపాడు. "మరి ఈయనెవరు, నడిమిట్ల నిలబడ్డడు?"

"ఆఫీసు నుంచి వచ్చిండు. మాకు బ్రేకర్ ఎందుకొద్దో సదివి చెప్తున్నడు."

డ్రైవర్ నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"అన్నా," అన్నాడు, "నువ్వు జెర పక్కకు జరుగు. పిల్లలు పోవాలె."

నేను పక్కకు జరిగాను.